వెనక నడిచిన మాస్టారు

చూపులేని వాళ్ళకి కర్ర పట్టుకుని నడవడం నేర్పే ఆ శిక్షణ కేంద్రంలో ఇద్దరే ఇద్దరు నడక టీచర్లు. ఒకరు లాడాల మాస్టారు, ఇంకొకరు పిల్లి మేడమ్. ఈ పేర్లు వాళ్ళ అమ్మానాన్నలు పెట్టినవి కావని వేరే చెప్పక్కర్లేదు. మాస్టారు తన తోలు బూట్ల మడమలకి, గుర్రానికి కొట్టించినట్టు, ఇనుప లాడాలు కొట్టించుకున్నారు. ఆయన వరండా ఆ చివర అడుగు పెడితే ఈ చివర వంటగదిలో టీకి నీళ్ళు పడేవి. మేడమ్ వేసుకునేది మెత్తటి రబ్బరు చెప్పులు. ఆవిడ ఎప్పుడొచ్చిందో, ఎక్కడ నిలబడిందో, అసలు ఉందో లేదో ఎవరికీ తెలిసేది కాదు.

మాస్టారు షోకు కోసం లాడాలు కొట్టించుకున్నారనుకుంటే పొరపాటే. దాని వెనక ఆయనకో సిద్ధాంతం ఉంది. చూపు పోయిన మనిషి మొదటిసారి వీధిలోకి దిగేటప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగుతాడు. అప్పుడు వెనక ఒక మనిషి ఉన్నాడని, పడబోతే పట్టుకుంటాడని తెలియాలి. నోటితో ఎన్నిసార్లని చెబుతాం? బూట్లే చెబుతాయి. టక్, టక్, టక్. నేనున్నా, నేనున్నా, నేనున్నా. కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ ఆయన ఈ మాట చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ వినేవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, చెప్పేవారి గొంతు మాత్రం తప్పకుండా పూడుకుపోయేది.

మేడమ్ దారి వేరు. ఆవిడ శిష్యులు స్తంభాలకి గుద్దుకునేవాళ్ళు, మెట్ల దగ్గర తూలేవాళ్ళు, మోకాళ్ళు దోక్కుపోయి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. నిజంగా ప్రాణం మీదకి వస్తే తప్ప ఆవిడ నిలబడ్డ చోటునుంచి కదిలేది కాదు. ఆవిడ క్లాసున్న రోజు దూదీ అయొడినూ రెండింతలు తెప్పించుకోవాలని మాస్టారు ఆఫీసు గదిలో జోకులు వేసేవారు. అందరూ నవ్వేవారు, మాస్టారైతే అందరికంటే ఒక పాలు ఎక్కువే నవ్వేవారు. కేంద్రానికి వచ్చిన వాళ్ళంతా మాస్టారే కావాలని పట్టుబట్టేవాళ్ళు. పట్టుబట్టరూ మరి! ఆయన దగ్గర దెబ్బలుండవు, ఏడుపులుండవు, కోర్సు కూడా అందరికంటే ముందే అయిపోతుంది.

అలాంటి రోజుల్లో ఆ అమ్మాయి వచ్చింది. అంతకుముందు బట్టల షాపులో కౌంటరు దగ్గర పనిచేసేదట. ఏదో జ్వరం వచ్చి, అది కంటి నరాల మీదకి దిగి, జ్వరం పోతూ పోతూ చూపుని కూడా వెంటబెట్టుకుపోయింది. అన్నయ్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మొదటిరోజు గేటు దాటమంటే నిలువెల్లా వణికింది. మాస్టారు ఆమె చేతికి తెల్లకర్ర ఇచ్చి పాఠం చెప్పారు. కుడికాలు వేసేటప్పుడు కర్ర ఎడమకి, ఎడమకాలు వేసేటప్పుడు కుడికి. కొన నేలని తాకుతూనే ఉండాలి. కర్ర చెప్పింది విను తల్లీ, మిగతా లోకాన్ని మర్చిపో. అంతా చెప్పి ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. టక్, టక్.

మర్చిపొమ్మన్న లోకంలో తన బూట్లు కూడా ఉన్నాయన్న సంగతి ఆయనకి తట్టలేదు.

ఆ అమ్మాయి నేర్చుకున్న వేగం చూసి కేంద్రం మొత్తం ముక్కున వేలేసుకుంది. మిగతావాళ్ళు ఇంకా గోడలు తడుముకుంటున్న రోజుల్లోనే ఆమె వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేది. కర్ర అలా అలా ఊపుకుంటూ, తల పైకెత్తి, షికారుకి బయల్దేరిన మనిషిలా నడిచేది. మాస్టారు ఆమెకి ‘ఎక్స్‌ప్రెస్’ అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆమె ఎంత మురిసిపోయేదంటే, ఇంట్లో ఫోనెత్తినా ఎక్స్‌ప్రెస్‌ని మాట్లాడుతున్నానని చెప్పేదట.

ఒకరోజు బేకరీ దాటాక, మూత లేని మురిక్కాలవ ముందు ఆమె టక్కున ఆగిపోయింది. కర్ర కొన ఇంకా కాలవ దాకా వెళ్ళనే లేదు. మాస్టారికి ఒళ్ళు జల్లుమంది. ఎలా తెలిసిందమ్మా అని అడిగితే, ఏమో మాస్టారూ, తెలిసిపోయింది అంది. ఒక్క క్షణం ఆయన మనసులో ఏదో నలకలా తిరిగింది. కర్ర తాకకుండా ఎలా తెలుస్తుంది? కానీ ఆ నలకని బయటికి తీసి చూడాలంటే సంతోషాన్ని కాసేపు పక్కన పెట్టాలి. సంతోషం మరీ బాగుంది. అందుకని ఆయన ఆ నలకని అలాగే మింగేసి, కేంద్రానికి వెళ్ళి, ఆ అమ్మాయి కర్ర కూడా అక్కర్లేకుండా ముఖంతోనే చూస్తోందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పారు.

పరీక్ష రోజు నేర్పిన టీచరు ఆఫీసు గదిలోనే కూర్చోవాలని కేంద్రంలో నియమం ఉంది. సూపరింటెండెంటు ఒక్కరే దూరంనుంచి వెంట వెళ్ళి మార్కులు వేయాలి. ఆ రోజు ఎవరో పెద్దమనుషులు కేంద్రాన్ని చూడటానికి వచ్చారు. వాళ్ళ ముందు ఎక్స్‌ప్రెస్ తడబడితే బాగుండదు కదా, నేను కాస్త వెనకాల ఉంటాను అని మాస్టారు అడిగారు. మాస్టారంతటివారు అడిగితే సూపరింటెండెంటు కాదంటాడా? అమ్మాయి ముందు, బూట్లు వెనక. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. ఆమెకి పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తి, వచ్చేవాళ్ళకి టైములు ఇచ్చే ఉద్యోగం దొరికింది. ఇంటినుంచి నడిచి వెళ్ళగలిగే దూరమే.

ఉద్యోగంలో చేరిన వారంలోనే పడిపోయింది. పైపుల కోసం రోడ్డు పక్కన గుంట తవ్వారు. దానికి అడ్డంగా తాడు కట్టాలన్న జ్ఞానం తవ్వినవాళ్ళకి లేదు. నడిచే వేగంలో నడిచినట్టే వెళ్ళి అందులో పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. గడ్డం చీరుకుపోయింది.

మాస్టారు పళ్ళు కొనుక్కుని చూడటానికి వెళ్ళారు. ముందుగదిలో అన్నయ్యా, వదినా, మంచం మీద చేతికి కట్టుతో ఆ అమ్మాయీ. నిజానికి ఆయన లోపలికి వెళ్ళేటప్పటికి ఆయనలో ఉన్నది జాలి ఒక్కటే కాదు, కొంచెం చిరాకు కూడా ఉంది. తన దగ్గర నేర్చుకున్న మనిషి పడిందంటే తనకి కదా మాట! పలకరింపులయ్యాక ఆ చిరాకే మంచి మాటల ముసుగేసుకుని బయటికొచ్చింది.

“నీ అంత బాగా నడిచేవాళ్ళు మా దగ్గరే లేరమ్మా. కాకపోతే కొంచెం అజాగ్రత్త. కర్ర మీద ధ్యాస పెట్టలేదు నువ్వు.”

ఆ అమ్మాయి తల దించుకుంది. “మీరు బంగారంలా నేర్పారు మాస్టారూ. నాకే వంటపట్టలేదు” అంది.

ఆ మాట విని ఆయనకి లోపల హాయిగా అనిపించింది. తర్వాత చాలా రోజులు ఆయన్ని నిద్రపోనివ్వనిది ఆ హాయే. కానీ అప్పటికి మాత్రం వదినగారిచ్చిన కాఫీ తాగి, ధైర్యం చెప్పి, లాడాలు టక్‌టక్‌లాడించుకుంటూ వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళిపోయినా ఆయన అన్న మాట ఆ ఇంట్లోనే ఉండిపోయింది. వదినగారు చెడ్డ మనిషి కాదు. ఆడపడుచుని కూతురిలా చూసుకునేది. అందుకే ఇంకోసారి ఆస్పత్రి ముఖం చూడదల్చుకోలేదు. ఆ అమ్మాయి బయటికి వెళ్తానన్నప్పుడల్లా, మాస్టారే అన్నారుగా నువ్వు అజాగ్రత్త మనిషివని, అనేది. అంతటితో నోరు మూతపడేది. అన్నయ్య రోజూ దింపుదామంటే అతని డ్యూటీ తెల్లవారుతూనే మొదలవుతుంది. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి వీధి గుమ్మం దాకా కూడా గోడ పట్టుకునే వెళ్ళడం మొదలుపెట్టింది. కర్ర బీరువా వెనక్కి చేరింది.

చేతి కట్టు విప్పిన తర్వాత పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. మంచివాడే, కానీ ఫోన్లు ఎన్నాళ్ళని తనే ఎత్తుతాడు? నెలాఖరు దాకా చూస్తానని, ఆ తర్వాత ఇంకొకళ్ళని పెట్టుకోక తప్పదని చెప్పాడు. ఆ అమ్మాయి మాస్టారికి ఫోన్ చేసి, ఇంకొక్కసారి నా వెనక నడవండి మాస్టారూ, నా వల్ల అవుతుందో కాదో తేల్చుకుంటాను అంది. వదినగారు ముఖం ముడుచుకుంది గానీ, మాస్టారు వెంట ఉంటారన్నాక కాదనలేకపోయింది.

ఆయన వెళ్ళిన రోజు బూటుకి ఒక లాడం ఊడిపోయి, జత మొత్తం చెప్పులు కుట్టే అతని దగ్గర ఉంది. మాస్టారు కొడుకు పాత కాన్వాసు బూట్లు వేసుకుని వెళ్ళారు. గుమ్మంలో నిలబడితే, ఎవరొచ్చారు వదినా, అని అడిగింది ఆ అమ్మాయి. వీధిలోకి దిగారు. గేటు దాటగానే ఆపి ఉన్న స్కూటరుకి గుద్దుకుంది. అక్కడినుంచి కరెంటు స్తంభం, ఆ తర్వాత ఎవరో అరుగు మీద పెట్టిన నీళ్ళ డ్రమ్ము. కర్ర ఎటు పోతోందో, కాలు ఎటు పోతోందో పొంతన లేదు. నాలుగడుగులకోసారి ఆగి, మాస్టారూ, ఉన్నారా, అని అడిగేది. ఉన్నానమ్మా అంటే, గొంతు వినబడ్డ వైపుకి తిరిగిపోయేది. చివరికి వీధి మధ్యలో నిలబడి ఏడ్చేసింది. చాలారోజుల తర్వాత కదా, మళ్ళీ అలవాటవుతుందిలే అని ఆయన ఇంటికి దింపారు.

మర్నాడు సాయంత్రం తన బూట్లు తను వేసుకుని వచ్చారు. ఆ అమ్మాయి గేటు దగ్గరే ఎదురొచ్చింది. వచ్చారా మాస్టారూ, అని నవ్వుతూ. ఇక చూడండి! స్కూటరు పక్కనుంచి చక్కగా తప్పుకుంది. స్తంభాన్ని దాటింది. డ్రమ్ము ముందు ఆగి పక్కకి జరిగింది. వీధి మలుపు కూడా దాటేసింది. ఎక్స్‌ప్రెస్ మళ్ళీ పట్టాలెక్కింది. మాస్టారి ప్రాణం లేచొచ్చి, భేష్ అనబోయారు. ఆ మాట గొంతులోనే ఆగింది. నిన్న లేనిది ఇవాళ ఏముంది? కర్ర అదే, వీధి అదే, మనిషీ అదే. ఆయన తల వంచి తన కాళ్ళకేసి చూసుకున్నారు.

ఆ వీధి చివర బడి వెనక పొడుగాటి సిమెంటు బాట ఒకటి ఉంది. మెట్టు లేదు, గుంట లేదు, ఎదురుగా పురుగు కూడా లేదు. ఆ బాట మీదకి తీసుకెళ్ళి ఆమెని నడవమన్నారు. ఆమె జోరుగా నడుస్తోంది. మాస్టారు వెనకే నడుస్తూ, ఊరికే, ఏ కారణం లేకుండా, అడుగు నెమ్మది చేశారు. టక్... టక్...

ఆ అమ్మాయి ఆగిపోయింది.

“ఎందుకాగావమ్మా?”

“ముందు ఏదో ఉంది కదా మాస్టారూ. మెట్టా?”

“కర్రకేమైనా తగిలిందా?”

“లేదు. ఉందనిపించింది. నాకు ముందే తెలిసిపోతుందని మీరే అనేవారుగా.”

ఏమీ లేదమ్మా, పద, అన్నారు. ఇంకొంత దూరం పోనిచ్చి మళ్ళీ నెమ్మది చేశారు. మళ్ళీ ఆగింది. మూడోసారి చేసి చూసే ధైర్యం ఆయనకి లేకపోయింది. ఇన్నాళ్ళూ గుంట రాబోయే ముందు, మెట్టు రాబోయే ముందు, మురిక్కాలవ రాబోయే ముందు, పడుతుందేమోనన్న భయంతో ఆయన అడుగు దానంతటదే నెమ్మదించేది. ఆ పిల్ల చెవులు దాన్ని పట్టుకునేవి. ఎడమపక్క అడ్డం ఉంటే ఆయన కుడికి జరిగేవారు, చప్పుడు ఎటు జరిగితే ఆమె అటే జరిగేది. ఆమెకీ తెలియదు, ఆయనకీ తెలియదు. ఆమె నేర్చుకున్నది కర్ర కాదు, వీధి కాదు. మాస్టారి బూట్లని నేర్చుకుంది. బూట్లు లేని వీధిలో పైపుల గుంట ఎదురైంది.

ఆమెని ఇంట్లో దింపి తిరిగొస్తుంటే తన అడుగుల చప్పుడు తనకే భరించరానిదైపోయింది. దారిలో ఒకచోట కూర్చుని బూట్లు విప్పి చేత పట్టుకుని ఇంటికి నడిచారు. మళ్ళీ లాడం ఊడిందా, అని భార్య అడిగింది. అవునని అబద్ధం చెప్పారు.

సిగ్గుతో ఆయనకి ముద్ద దిగలేదు. ఆ అమ్మాయి ఒక్కతే అయితే ఎలాగో సర్దిచెప్పుకునేవారేమో. కానీ మిగతావాళ్ళు కూడా వరసగా గుర్తొచ్చారు. కోర్సు అయిన కొద్దిరోజులకే భార్య భుజం పట్టుకుని బజార్లో కనబడిన ఆ లెక్కల టీచరు. బద్ధకం మాస్టారూ, ఇదే సుఖంగా ఉంది, అని ఆయన నవ్వితే మాస్టారూ నవ్వి భుజం తట్టారు. కర్ర తిరిగి ఇచ్చేసి వెళ్ళిన ఆ పెద్దావిడ. కొందరంతే, ఎంత నేర్పినా ముందుకి రారు, అని ఆవిడ వెళ్ళాక ఆఫీసు గదిలో పెదవి విరిచారు. దెబ్బలు తగలకుండా నేర్పానని ఛాతీ విరుచుకుని తిరిగిన మనిషి, ఆ తగలాల్సిన దెబ్బలన్నీ తను పక్కన లేనప్పుడు తగిలేలా దాచి ఇచ్చాడన్నమాట. పైగా పడ్డవాళ్ళనే తప్పుపట్టాడు.

తప్పించుకునే దారి లేకపోలేదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయిని పిల్లి మేడమ్‌కి అప్పగిస్తే సరి. నేర్చుకుంటుంది, ఉద్యోగానికి వెళ్తుంది, తన పేరు తనకుంటుంది. మర్నాడు ఆయన మేడమ్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పారు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఒకరోజు చెప్పుల్లేకుండా వాళ్ళ వెనక నడిచి చూడమని మీకు ఎప్పుడో చెప్పాను, మీరు మ్యావ్ అని నవ్వారు, అంది. నిజమే. మ్యావ్ అన్నారు. గదిలో అందరూ ఉండగా అన్నారు. మాస్టారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఆ అమ్మాయికి చెప్పారా?” అని అడిగింది మేడమ్.

“ఏ ముఖం పెట్టుకుని చెప్పను?”

“అయితే నేను రాను మాస్టారూ. కర్ర ఎలా పట్టుకోవాలో తెలియని వాళ్ళకి నేర్పగలను. తన వల్ల కాదని నమ్మేసిన మనిషికి నేర్పడం నాకు చేతకాదు. అలా నమ్మించింది మీరు.”

ఆవిడ ఈ మాట కోపంగా అనలేదు, కప్పులో టీ కలుపుకుంటూ అంది. కోపంగా అని ఉంటే ఆయనా ఏదో ఒకటి అనేవారు.

రెండురోజులు ఆ ఇంటివైపు పోలేదు. కాళ్ళు రాలేదు. నెలాఖరు దగ్గరపడుతోంది. మూడోరోజు అన్నయ్య ఇంట్లో ఉండే వేళ చూసుకుని వెళ్ళారు. అజాగ్రత్త అన్న మాట అన్నది ముగ్గురి ముందు కాబట్టి ఈ మాట కూడా ముగ్గురి ముందే పడాలి. కాన్వాసు బూట్లు గుమ్మం బయట విప్పి, లోపలికెళ్ళి, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా చెప్పేశారు. సిమెంటు బాట మీద రెండుసార్లు ఎందుకు ఆగిందో చెప్పారు. పరీక్ష రోజు నియమం తప్పి వెనక నడిచిన సంగతి చెప్పారు. నువ్వు అజాగ్రత్త మనిషివి కావమ్మా, నీకు నేర్పనిదాన్ని నువ్వెలా చేస్తావు, అన్నారు. అంటుంటే ఆయన గొంతు వణికింది. ఈసారి ఆ వణుకు మీద ఆయనకి ముచ్చటేమీ కలగలేదు.

అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు. వదినగారు ఆడపడుచు ముఖంలోకి చూసింది.

ఆ అమ్మాయి పోనీలెండి మాస్టారూ అంటుందని ఆయన ఆశపడ్డారు. ఆ ఆశ ఉన్నందుకు తర్వాత తనని తానే అసహ్యించుకున్నారు. ఆమె అన్నది వేరు.

“అయితే నేను ఒక్కరోజు కూడా నడవలేదన్నమాట. బేకరీ దాకా వెళ్ళొచ్చిన రోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో మీకు తెలుసా? సంతోషంతో ఏడ్చాను. వదినని అడగండి. ఆ రోజు కూడా మీరే నడిచారు. నేను ఊరికే మీ ముందున్నాను.”

“మళ్ళీ మొదట్నుంచీ నేర్పుతానమ్మా. బూట్లు లేకుండా.”

“మీరొద్దు. మీరు నాకు చాలా ఇష్టం మాస్టారూ. అందుకే వద్దు.” తర్వాత వదిన వైపుకి తిరిగి, బీరువా వెనకున్న కర్ర ఇమ్మంది.

వదినగారే లేచి వెళ్ళి తెచ్చి, మీద దుమ్ము పైటకొంగుతో తుడిచి చేతికిచ్చింది.

మేడమ్ మర్నాటినుంచే మొదలుపెట్టింది. తెల్లవారి వీధులు ఇంకా సద్దుమణిగి ఉండగానే ఇద్దరూ బయల్దేరేవాళ్ళు. కేంద్రంలో మాస్టారు కొత్త బ్యాచ్ తీసుకోనని చెప్పి, మేడమ్ క్లాసులు దూరంగా నిలబడి చూడటం మొదలుపెట్టారు. చూడటం తేలిక కాలేదు. ఎవరైనా స్తంభం వైపు నడుస్తుంటే ఆయన వేళ్ళు వాటంతటవే ముడుచుకునేవి. లెక్కల టీచరు ఇంటికి కూడా వెళ్ళొచ్చారు. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాను లెండి, అని పంపించేశారు. ఆ తలుపు ఇక తెరుచుకోదని మాస్టారికి అర్థమైంది. ఎన్ని తలుపులు అలా మూసుకుని ఉన్నాయోనని దారంతా బాధపడ్డారు.

ఆ అమ్మాయిని చూడకూడదనే అనుకున్నారు. ఉండలేకపోయారు. నెలాఖరుకి ముందు ఒక ఉదయం కాన్వాసు బూట్లు వేసుకుని, బేకరీ ఎదురుగా రోడ్డుకి ఇవతల, మూసి ఉన్న సైకిల్ షాపు ముందు నిలబడ్డారు. ఆమె వీధి మొదట్లో కనబడింది. మేడమ్ ఎక్కడో వెనక, చాలా దూరంగా ఉంది. అమ్మాయి మోచేతి మీద పట్టీ, మోకాలి మీద కమిలిన మచ్చ. ఎక్స్‌ప్రెస్ లేదు, ఏమీ లేదు. అడుగు తీసి అడుగు వేస్తూ, కర్రతో నేలంతా గీకుతూ, చంటిపిల్లలా నడుస్తోంది. ముందు బేకరీవాళ్ళు బయట పెట్టిన ఖాళీ ట్రేల దొంతర ఉంది. కర్ర దాని పక్కనుంచి పోయింది. ఆమె దానికేసి నేరుగా వెళ్తోంది. మాస్టారు తనకి తెలియకుండానే ఒక అడుగు ముందుకేశారు. ఒకటే అడుగు.

ఆమె ఆగిపోయింది. తల కొంచెం పక్కకి వంచింది.

“మాస్టారూ” అంది.

ఆయన ఊపిరి బిగపట్టారు.

“మీరేనని తెలుసు. ఆ రోజు గుమ్మంలో పోల్చలేదు గానీ, ఇప్పుడు ఏ బూట్లేసుకున్నా మీ అడుగు నాకు తెలుస్తుంది. వెళ్ళిపోండి మాస్టారూ. మీరు ఇక్కడున్నంతసేపూ నా చెవులు మీ కాళ్ళ మీదే ఉంటాయి, కర్ర మీదకి రావు.”

ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. అదే ఆయనకి ఎక్కువ నొప్పి కలిగించింది. వెనక్కి తిరిగారు. మునివేళ్ళ మీద మెల్లగా జారుకోబోయి ఆగారు. అలా వెళ్తే తను వెళ్ళాడో, ఇంకా అక్కడే నక్కి ఉన్నాడో ఆమెకి ఎలా తెలుస్తుంది? ఈసారి వినబడాలి. మెత్తటి కాన్వాసు బూట్లని నేలకేసి బలంగా కొడుతూ, చిన్నపిల్లాడు అలిగి వెళ్తున్నట్టు, దబదబా నడవడం మొదలుపెట్టారు. ఆమె కదలకుండా నిలబడి వింటోందని ఆయనకి తెలుసు. ఆ చప్పుడు దూరమయ్యే దాకా ఆమె అడుగు తీయదు. అందుకని ఇంకా వేగంగా నడిచారు.

సందు మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ట్రేలన్నీ ఒక్కసారిగా కూలిన చప్పుడు వినబడింది. వెంటనే, అబ్బా, అన్న ఆమె గొంతు.

మాస్టారి కాళ్ళు ఆగబోయాయి. ఆగితే, ఆ ఆగడం కూడా ఆమెకి వినిపిస్తుంది. ఆయన ఆగలేదు.